కట్టబొమ్మన్: ఇంటిపేరు పిల్లవాడి పేరైన కథ

కోవిల్‌పట్టి బస్టాండులో నిలబడి "ఒరేయ్ కట్టబొమ్మా!" అని గట్టిగా ఒక కేక వేస్తే ఇద్దరు ముగ్గురైనా వెనక్కి తిరిగి చూస్తారని మా మామయ్య వేళాకోళం చేస్తుంటాడు. ఆయన మాటలో కొంచెం మసాలా ఉన్నా విషయం మాత్రం నిజమే. తిరునెల్వేలి, తూత్తుక్కుడి, విరుదునగర్ జిల్లాల్లో కట్టబొమ్మన్ అని మగపిల్లలకు పేరు పెట్టుకుంటారు. వీరపాండియన్ అనీ పెడతారు, రెండూ కలిపి వీరపాండియ కట్టబొమ్మన్ అనీ పెడతారు. మన బడిలో ఎవరినైనా అడిగి చూడండి, కట్టబొమ్మన్ అంటే తెల్లవాళ్లకు కప్పం కట్టనన్న వీరుడి పేరు అంటారు. శివాజీ గణేశన్ సినిమా అంటారు. అంతవరకు సరే. కానీ అది ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, ఆయన ఇంటిపేరు. ఆ ఇంటిపేరు తెలుగు మాట. ఈ రెండు సంగతులూ మనలో చాలామందికి తెలియవు కాబట్టే ఈసారి పత్రికకు ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆయన సొంత పేరు వీరపాండియన్. 1760 జనవరి 3న పుట్టాడు. తండ్రి పేరు జగవీర కట్టబొమ్మన్, తల్లి ఆరుముగత్తమ్మాళ్. తండ్రి పేరు చివరా కట్టబొమ్మనే ఉంది, కొడుకు పేరు చివరా అదే ఉంది. దాన్నిబట్టే అది వంశానికి చెందిన మాట అని తెలిసిపోతుంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి, అల్లూరి సీతారామరాజు, టంగుటూరి ప్రకాశం. ఆ లెక్కన రాస్తే "గెట్టిబొమ్ము వీరపాండియ నాయకుడు" అని రాయాలి. తమిళ దేశంలో వరస మారి ఇంటిపేరు చివరికి వచ్చింది.

గెట్టిబొమ్ము అన్నాను కదా, అదే అసలు రూపం. ఆ వంశంవాళ్లు చెప్పుకునే కథ ఇది. విజయనగర రాజుల కాలంలో తెలుగు దేశం నుంచి దక్షిణానికి వలస వచ్చిన కుటుంబాల్లో గెట్టిబొమ్మువారు ఒకరు. ఇప్పటి ఒట్టపిడారానికి అప్పట్లో అళగియ వీరపాండియపురం అని పేరు. అక్కడ జగవీర పాండియన్ అనే రాజు దగ్గర బొమ్ము అనే ఆయన మంత్రిగా ఉండి, రాజు తర్వాత ఆ పాలన చేపట్టాడట. ఆయననే ఆది కట్టబొమ్మన్ అంటారు. కొత్త కోట ఎక్కడ కట్టాలా అని చూస్తుంటే ఒక చోట కుందేలు ఎదురుతిరిగి వేటకుక్కలను తరిమిందట. ఆ చోటే పాంచాలంకురిచ్చి. (విజయనగరం కట్టిన కథలోనూ ఇదే కుందేలు వస్తుంది. తెలుగు, కన్నడ దేశాల నుంచి బయలుదేరినవాళ్లు మూటాముల్లెతో పాటు ఆ కుందేలును కూడా పట్టుకొచ్చినట్టున్నారు.)

ఇక మాట అర్థానికి వద్దాం. "గెట్టి బొమ్ము అంటే మహావీరుడు అని అర్థం" అని పుస్తకాల్లో ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. అది గౌరవంగా చెప్పే అర్థం. మాటను విడదీసి చూస్తే ఇంకా బాగుంటుంది. గెట్టి అంటే మన గట్టి. పుస్తకంలో గట్టి అని రాస్తాం, కానీ మా అవ్వ ఇప్పటికీ "గెట్టిగా పట్టుకోరా, పడిపోతావు" అంటుంది. రాయలసీమ వాళ్ల నోటా ఇదే వినిపిస్తుంది. తమిళంలోనూ కెట్టి అనే మాట ఉంది. చిక్కటి పెరుగును కెట్టి తయిర్ అంటారు, చురుకైనవాడిని కెట్టిక్కారన్ అంటారు. రెండో మాట బొమ్ము. ఇది ఆడుకునే బొమ్మ కాదు. పూర్వం తెలుగు, కన్నడ దేశాల్లో బొమ్మన్న, బొమ్మయ్య, బొమ్మిరెడ్డి, బొమ్మినాయుడు లాంటి పేర్లు చాలా ఎక్కువ. బ్రహ్మ అనే మాట జనం నోట్లో నలిగి బొమ్మ అయింది. పదహారో శతాబ్దంలో వేలూరును ఏలిన చిన్నబొమ్మ నాయకుడి పేరూ అదే. అప్పయ్య దీక్షితులను ఆదరించిన రాజు ఆయన. కాబట్టి నా లెక్కలో గెట్టిబొమ్ము అంటే "గట్టివాడైన బొమ్ము". ఒక ఊళ్లో నలుగురు బొమ్ములుంటే వాళ్లలో ఒకణ్ణి గుర్తుపట్టడానికి పెట్టుకున్న మాటలా ఉంది. మన ఊళ్లలో పొట్టి సుబ్బయ్య, ఎర్ర సుబ్బయ్య అని పిలుచుకోమా? అలాంటిదే తర్వాత బిరుదయింది, బిరుదు ఇంటిపేరయింది.

గెట్టిబొమ్ము కట్టబొమ్మన్ ఎలా అయ్యాడు? దీనికి తమిళ అక్షరాలు తెలిస్తే చాలు. మనకు క, ఖ, గ, ఘ నాలుగున్నాయి. తమిళంలో వీటన్నిటికీ ఒకటే అక్షరం. మాట మొదట్లో వస్తే దాన్ని మామూలుగా క అనే పలుకుతారు. గెట్టి అని రాయాలనుకున్నా కెట్టి అనే రాయాలి, చదివేవాడు కెట్టి అనే చదువుతాడు. కెట్టిబొమ్ము కొన్ని తరాల్లో కట్టబొమ్ము అయ్యాడు. తర్వాత తమిళంలో మగవాళ్ల పేర్ల చివర వచ్చే "అన్" వచ్చి చేరింది. మురుగన్, కణ్ణన్, రామన్ లాగా కట్టబొమ్మన్. నా ఉద్దేశంలో ఈ కథకు కీలకం ఈ చిన్న "అన్". అది తగిలాక ఆ మాట ఇంటిపేరులా వినిపించదు, మనిషి పేరులాగే వినిపిస్తుంది. మనలో ఎవరూ పిల్లవాడికి టంగుటూరి అని, కందుకూరి అని పేరు పెట్టరు, ఎందుకంటే అవి ఇంటిపేర్లని మనకు తెలుసు. తమిళులకు ఇంటిపేరు అనే పద్ధతే లేదు. వాళ్ల చెవికి కట్టబొమ్మన్ అంటే ఒక మనిషి, అంతే. అందుకే మనకు రాని పని వాళ్లు సులువుగా చేశారు.

ఇందులో ఒక తమాషా ఉంది. 1959లో బి. ఆర్. పంతులు తీసిన "వీరపాండియ కట్టబొమ్మన్" సినిమా తెలుగులోకి వచ్చినప్పుడు పేరు "వీరపాండ్య కట్టబ్రహ్మన" అయింది. ఆంధ్రలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆయన్ని కట్టబ్రహ్మన అనే అంటారు. తెలుగు బొమ్ము తమిళ దేశానికి వెళ్లి బొమ్మన్ అయితే, తిరిగి తెలుగు దేశానికి వచ్చేసరికి ఏకంగా బ్రహ్మన అయ్యాడు! సొంత ఊరి మాటేనని పోల్చుకోలేక, తమిళంలో పాడైపోయిన సంస్కృతం అనుకుని ఎవరో సరిదిద్దినట్టుంది. గెట్టి మాత్రం కట్టగానే ఉండిపోయింది, పాపం దాన్ని ఎవరూ గుర్తుపట్టలేదు.

ఇంగ్లీషువాళ్ల కాగితాల్లో ఇంకో తమాషా. వాళ్లు పాంచాలంకురిచ్చిని నోటికొచ్చినట్టు రాసుకున్నారు. కొందరు రాసింది చదివితే చివర "కుర్చీ" అని వినిపిస్తుంది.

ఇప్పుడు ఈ పేరు ఎందుకంత గొప్పదయిందో చెప్పాలి. మదురైలో 1529లో విశ్వనాథ నాయకుడితో నాయక రాజ్యం మొదలైంది. ఆయన, ఆయన మంత్రి అరియనాథ ముదలియార్ కలిసి రాజ్యాన్ని 72 పాళెములుగా పంచారని చెబుతారు. ఒక్కో పాళేనికి ఒక్కో పాళెగాడు. పన్ను వసూలు చేయాలి, కాపలా కాయాలి, రాజు పిలిస్తే సైన్యంతో వెళ్లాలి. పాంచాలంకురిచ్చి అందులో ఒకటి. కోవిల్‌పట్టి చుట్టుపక్కల నేల నల్లరేగడి. తమిళంలో కరిసల్ భూమి అంటారు. నల్లరేగడిలో సేద్యం తెలిసిన తెలుగువాళ్లు ఎక్కువగా ఈ నేలలోనే స్థిరపడ్డారు. కంబళత్తు నాయకులు, కమ్మవారు, రెడ్లు, రాజపాళయంలో రాజులు, ఇలా ఇప్పటికీ ఉన్నారు. కట్టబొమ్మన్‌ది రాజకంబళత్తు నాయకుల కులం. వాళ్ల ఇలవేల్పు జక్కమ్మ. కట్టబొమ్మన్ భార్య పేరు కూడా జక్కమ్మాళే. పాంచాలంకురిచ్చిలో జక్కమ్మ గుడి ఉంది. వాళ్లు ఆడే దేవరాట్టం ఇప్పుడు తమిళనాడు అంతటా బడుల్లో, వేడుకల్లో ఆడుతున్నారు.

వీరపాండియన్ 1790 ఫిబ్రవరి 2న పాళెగాడయ్యాడు. నాయక రాజ్యం అప్పటికే పోయింది, ఆర్కాటు నవాబు అప్పుల్లో మునిగి పన్ను వసూలు చేసే హక్కును ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. కప్పం బాకీ ఉందని కలెక్టరు జాక్సన్ కబురు పెట్టాడు. చూడటానికి వెళితే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తిప్పాడు. కుట్రాలం, శివగిరి, శ్రీవిల్లిపుత్తూరు, ఇలా కలెక్టరు గుడారం ఎక్కడికి వెళితే కట్టబొమ్మన్ అక్కడికి వెళ్లాల్సి వచ్చింది. శ్రీవిల్లిపుత్తూరు ఇప్పుడు విరుదునగర్ జిల్లాలో ఉంది. చివరికి 1798 సెప్టెంబరులో రామనాథపురంలో కలిశారు. అక్కడ నిలబెట్టి మాట్లాడారు, పట్టుకోబోయారు, కొట్లాట జరిగింది, క్లార్క్ అనే ఇంగ్లీషు అధికారి చనిపోయాడు. కట్టబొమ్మన్ తప్పించుకున్నాడు, ఆయన మంత్రి దానాపతి సుబ్రమణియ పిళ్లై దొరికిపోయాడు.

మరుసటి ఏడాది సెప్టెంబరులో మేజర్ బానర్‌మన్ కోట మీదికి వచ్చాడు. మట్టికోటే కదా అనుకున్నవాళ్లు మొదటి దెబ్బకు వెనక్కి తగ్గారు. పెద్ద ఫిరంగులు వస్తున్నాయని తెలిసి కట్టబొమ్మన్ కోట వదిలి వెళ్లాడు. పుదుక్కోట్టై తొండమాన్ మనుషులు పట్టుకుని అప్పగించారు. కోవిల్‌పట్టి నుంచి తిరునెల్వేలి వెళ్లే దారిలో కయత్తారు వస్తుంది. 1799 అక్టోబరు 16న అక్కడ చుట్టుపక్కల పాళెగాళ్లందరినీ పిలిపించి, వాళ్ల కళ్లముందే విచారణ ముగించి, చింతచెట్టుకు ఉరి తీశారు. పాళెగాళ్లకు భయం పుట్టాలనే ఉద్దేశంతోనే అలా చేశారు. బానర్‌మన్ తన పైవాళ్లకు రాసిన నివేదికలోనే, ఆయన ఏమాత్రం బెదరలేదనీ, ఎట్టయపురం పాళెగాడినీ శివగిరి పాళెగాడినీ అసహ్యంగా చూశాడనీ, ఉరికి నడిచేటప్పుడు తన మూగ తమ్ముడి గురించి మాత్రం బాధపడ్డాడనీ ఉంది. ఉరి తీసినవాడే రాసిన మాట కాబట్టి సినిమా డైలాగుల కన్నా నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను.

ఆ తమ్ముడే ఊమైదురై. ఆయన అసలు పేరు కుమారస్వామి. ఊమై అంటే తమిళంలో మూగ. చరిత్రలో ఆయనకు లోపమే పేరైపోయింది. 1801 ఫిబ్రవరిలో పాళయంకోట్టై చెరసాల నుంచి తప్పించుకుని, పడగొట్టిన కోటను కొన్ని రోజుల్లోనే మళ్లీ లేపించాడు. మే నెలాఖరు దాకా కంపెనీ సైన్యం ఆ మట్టికోటను తీసుకోలేకపోయింది. ఆ యుద్ధంలో ఉన్న వెల్ష్ అనే ఇంగ్లీషు అధికారి తర్వాత పుస్తకం రాస్తూ ఈ మాటలు రాని మనిషిని చాలా మెచ్చుకున్నాడు. 1801 నవంబరు 16న ఊమైదురైని కూడా ఉరి తీశారు. కోటను నేలమట్టం చేసి, దున్ని, ఆముదం గింజలు చల్లారని ఆ వైపు చెప్పుకుంటారు. ఊరి పేరును పటాల్లోంచి కూడా తీసేశారు.

ఊరి పేరు తీసేశారు గానీ మనిషి పేరును తీయలేకపోయారు. జానపదుల పాటల్లో, కథల్లో మిగిలిపోయింది. చదువుకున్నవాళ్ల దాకా రావడానికి ఇంకో నూటయాభై ఏళ్లు పట్టింది. అందులో పెద్ద పాత్ర మ.పొ.శివజ్ఞానంది. ఆయన కట్టబొమ్మన్ మీద పుస్తకం రాశారు. మన తెలుగువాళ్లకు ఆయన ఇంకో విధంగా తెలుసు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే రోజుల్లో మద్రాసు తమిళులదే అని, తిరుత్తణి తమిళనాడుకే రావాలని పోరాడినవారు ఆయనే. సరిహద్దుల దగ్గర తెలుగువాళ్లతో అంత పోట్లాడిన మనిషి, తెలుగు ఇంటిపేరున్న పాళెగాడిని తమిళులందరి వీరుడిగా నిలబెట్టారు! ఇందులో వింతేమీ లేదని మా తాత అంటాడు. రెండు వందల ఏళ్లుగా ఒకే నేలమీద ఉన్నవాడిని మనవాడు అనుకోకుండా ఎలా ఉంటారు అని ఆయన ప్రశ్న. నాకు మాత్రం ఇప్పటికీ వింతగానే ఉంటుంది, మంచి వింత.

తర్వాత సినిమా వచ్చింది. 1960లో కైరోలో జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో శివాజీ గణేశన్‌కు ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఆయనే కయత్తారులో ఉరి తీసిన చోట స్థలం కొని విగ్రహం పెట్టించారు. 1974లో ప్రభుత్వం పాంచాలంకురిచ్చిలో స్మారక కోట కట్టించింది. ఇదంతా అయ్యాక పిల్లలకు ఆ పేరు పెట్టడం మామూలైపోయింది. వాళ్లలో తెలుగు మాట్లాడే ఇళ్లవాళ్లు ఉన్నారు, మాట్లాడనివాళ్లూ ఉన్నారు.

ఇంటిపేరు మనిషి పేరు కావడం ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. లింకన్, వాషింగ్టన్, నెల్సన్ అన్నీ మొదట ఇంటిపేర్లే. దక్షిణాఫ్రికాలో రోలిహ్లాహ్లా అనే పిల్లవాడికి బడిలో చేరిన మొదటి రోజు టీచరు నెల్సన్ అని ఇంకో పేరు పెట్టింది. ఆయనే నెల్సన్ మండేలా. ఆయన ఇంటిపేరు మండేలా మాత్రం తాత సొంత పేరు. అంటే ఒకే మనిషి పేరులో ఇంటిపేరు మనిషి పేరయింది, మనిషి పేరు ఇంటిపేరయింది. మన రాష్ట్రంలో నెహ్రూ, బోస్ అనే పేర్లున్నవాళ్లు ఊరికొకరైనా కనబడతారు. ఎం. కె. స్టాలిన్ 1953 మార్చి 1న పుట్టారు, ఆ నెల 5న రష్యా నాయకుడు స్టాలిన్ చనిపోయాడు, ఆ పేరే పెట్టారు. రష్యా స్టాలిన్‌కు కూడా అది పుట్టుకతో వచ్చిన ఇంటిపేరు కాదు, తానే పెట్టుకున్నాడు. దానికి మూలం ఉక్కు అనే మాట. గెట్టి అన్నా ఉక్కు అన్నా మనుషులు కోరుకునేది ఒకటే కాబోలు.

కానీ అన్ని వంశాల పేర్లకూ ఈ అదృష్టం పట్టలేదు. కోవిల్‌పట్టికి తూర్పున కాస్త దూరంలోనే ఎట్టయపురం ఉంది. అక్కడి పాళెగాళ్లు కూడా తెలుగువాళ్లే, చంద్రగిరి వైపు నుంచి వచ్చామని చెప్పుకుంటారు. వాళ్ల వంశనామం ఎట్టప్పన్. ఎట్టు అంటే తమిళంలో ఎనిమిది. వాళ్ల పూర్వీకుడు సోమన్ అనే వీరుణ్ణి చంపి, తర్వాత దిక్కులేకుండా పోయిన అతని ఎనిమిది మంది తమ్ముళ్లకు తండ్రిలా అన్నం పెట్టాడట. అందుకని ఎనిమిది మందికి అప్పన్, ఎట్టప్పన్. ఎంత మంచి అర్థమో చూడండి! కానీ యుద్ధంలో ఎట్టయపురంవారు కంపెనీ వైపు నిలిచారు. దాంతో ఇప్పుడు తమిళంలో ఎట్టప్పన్ అంటే ద్రోహి అని తిట్టు. క్రికెట్‌లో రనౌట్ చేయించినవాణ్ణి కూడా "ఎట్టప్పా" అని తిడతారు. ఏ తల్లీ కొడుక్కి ఆ పేరు పెట్టదు.

ఇది నాకు కొంచెం అన్యాయంగా అనిపిస్తుంది. కంపెనీకి సాయం చేసినవాళ్లు వాళ్లొక్కరే కాదు, పట్టి ఇచ్చింది పుదుక్కోట్టైవారు. పైగా అదే ఎట్టయపురం ముత్తుస్వామి దీక్షితులకు చివరి రోజుల్లో నీడనిచ్చింది. ఆయన 1835లో అక్కడే కన్నుమూశారు. ఆయన వంశంలోని సుబ్బరామ దీక్షితులు రాసిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే పెద్ద గ్రంథం 1904లో ఎట్టయపురంలోనే అచ్చయింది, అదీ తెలుగు లిపిలో. సుబ్రమణియ భారతి పుట్టింది కూడా ఆ ఊళ్లోనే. ఇన్ని ఉన్నా జనం నాలుక మీద మిగిలింది ఆ ఒక్క తిట్టే. కట్టబొమ్మన్ గురించి కూడా అందరూ ఒకేలా అనరు. పక్క పాళేల పల్లెల మీద పడి దోచాడని కంపెనీవాళ్లు రాశారు, ఇప్పుడూ అలా అనేవాళ్లున్నారు. పాళెగాళ్లు ఒకరి పొలాల మీద ఒకరు పడటం ఆ రోజుల్లో మామూలే కాబట్టి అందులో కొంత నిజం ఉండొచ్చు. తాడు ముందు బెదరకపోవడం కూడా నిజమే.

పేరు ఎంత పని చేస్తుందో తెలియాలంటే విరుదునగర్ వైపు చూడాలి. ఆ ఊరి పేరే ఒక చిత్రం. విరుదు అంటే మన బిరుదే. బిరుదు జెండాలు మోసుకుంటూ వచ్చిన ఒక వీరుణ్ణి ఇక్కడ ఎవరో ఓడించారని, అందుకే ఆ పేరని కథ. మొదట విరుదుపట్టి, 1923లో విరుదునగర్ అయింది. 1985లో జిల్లా ఏర్పడినప్పుడు, అక్కడ పుట్టిన కామరాజర్ పేరు జిల్లాకు పెట్టారు. 1986లో తిరునెల్వేలి జిల్లాను విడగొట్టి ఒక ముక్కకు నెల్లై కట్టబొమ్మన్ జిల్లా అనీ, తూత్తుక్కుడి ముక్కకు చిదంబరనార్ జిల్లా అనీ పేర్లు పెట్టారు. బస్సుల మీద కూడా కట్టబొమ్మన్ రవాణా సంస్థ అని ఉండేది. మా అమ్మ చిన్నప్పుడు "కట్టబొమ్మన్ వచ్చింది" అంటే బస్సు వచ్చిందని అర్థమట. ఆ విధంగా మనిషి పేరు బస్సు పేరు కూడా అయింది!

1997లో విరుదునగర్‌లో కొత్త రవాణా సంస్థకు వీరన్ సుందరలింగం పేరు పెట్టారు. సుందరలింగం కట్టబొమ్మన్ సేనాపతి, దేవేంద్రకులంవాడు. కంపెనీ మందుగుండు గిడ్డంగిలోకి నిప్పుతో దూకి చనిపోయాడని చెప్పుకుంటారు. కొందరు ఆ పేరున్న బస్సు ఎక్కమన్నారు. ఎందుకంటే ఆయన కులం. గొడవలు పెద్దవయ్యాయి, ప్రాణాలు పోయాయి. చివరికి ప్రభుత్వం ఏ సంస్థకూ ఏ జిల్లాకూ నాయకుల పేర్లు ఉండవని అన్నిటినీ తీసేసింది. కామరాజర్ జిల్లా విరుదునగర్ జిల్లా అయింది, నెల్లై కట్టబొమ్మన్ జిల్లా తిరునెల్వేలి అయింది. కట్టబొమ్మన్ పేరున్న బస్సు ఎక్కి, ఆయన కోసం చచ్చిపోయిన సుందరలింగం పేరున్న బస్సు ఎక్కనంటే అది ఏం న్యాయం? ఇద్దరూ ఒకే కోటలో ఒకే వైపున నిలబడినవాళ్లు. ఈ మాట మా క్లాసులో చెబితే కొందరు నమ్మలేదు. ఇంటికెళ్లి పెద్దవాళ్లను అడగమన్నాను.

ఇప్పుడు మన సంగతి. కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు తెలుగు ఇళ్లలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ రాయడం, చదవడం తమిళమే. ఆ వైపు ఇడైసెవల్ అనే ఊరివాడైన కి. రాజనారాయణన్ తన పూర్వీకులు తెలుగు దేశం నుంచి వచ్చిన కథను "గోపల్ల గ్రామం" అనే నవలగా తమిళంలోనే రాశారు. దాని తర్వాతి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన పేరు ముందున్న "కి." ఇంటిపేరు కాదు, తండ్రి పేరులో మొదటి అక్షరం. తమిళనాడు పద్ధతి అది. బడి రిజిస్టరులో, రేషన్ కార్డులో, ఆధార్‌లో తండ్రి పేరు పొడి అక్షరం ఒక్కటే ఉంటుంది. ఇంటిపేరుకు అక్కడ గడే లేదు. మరి ఇంటిపేరు ఎక్కడ బతికుంది అంటే పెళ్లి మాటల్లో. "వాళ్లది మనది ఒకే ఇంటిపేరు, అన్నదమ్ములవుతారు, పిల్లనివ్వకూడదు" అన్నప్పుడు మాత్రమే అది బయటికి వస్తుంది. మా అవ్వకు చుట్టుపక్కల పది ఊళ్ల ఇంటిపేర్లు నోటికి వచ్చు. మా మామయ్యకు నాలుగైదు వచ్చు. నా తోటి పిల్లల్ని అడిగితే సగం మంది "ఇంటిపేరా? ఇనిషియలా?" అని ఎదురు అడిగారు. వాళ్లను తప్పుపట్టడం లేదు, వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

పోయిన వేసవి సెలవుల్లో అవ్వ చెబుతుంటే నేను ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. ఇంటిపేరు, అది ఊరి నుంచి వచ్చిందా, బిరుదు నుంచి వచ్చిందా, పని నుంచి వచ్చిందా, ఇలా మూడు గళ్లు గీశాను. ఇరవై ఆరు ఇంటిపేర్లు వచ్చాయి. వాటిలో కొన్ని తమిళం నోట పడి ఎంత మారిపోయాయంటే అవ్వ రెండుసార్లు పలికితే గానీ తెలుగు మాట అని పట్టుకోలేకపోయాను. మాట మొదటి అక్షరం క ఉంటే గ పెట్టి చూడటం, ప ఉంటే బ, త ఉంటే ద పెట్టి చూడటం, చివరి అన్ తీసేయడం, ఇదే నేను పాటించిన ఉపాయం. గెట్టిబొమ్ము నుంచే నేర్చుకున్నాను. పది పేర్లకు బాగా పనిచేసింది. మిగిలినవాటికి పనిచేయలేదు. వాటి పక్కన గడి ఖాళీగా ఉంది, ఈ దసరా సెలవులకు వెళ్లినప్పుడు పక్క ఊళ్లో ఉన్న అవ్వ చెల్లెల్ని అడగాలి.